ఉష అనే పేరు ఏం చెబుతుంది? భిలాయి నుంచి ఒక పరిశీలన

2022 డిసెంబరులో పి.టి. ఉష భారత ఒలింపిక్ సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. 2023 మార్చి 22న రాష్ట్రపతి భవన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయికి చెందిన పండవానీ గాయని ఉషా బార్లే పద్మశ్రీ అందుకున్నారు. 2024లో గాయని ఉషా ఉతుప్‌కు పద్మభూషణ్ వచ్చింది. అదే ఏడాది జూలైలో, అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న అభ్యర్థి భార్యగా ఉషా చిలుకూరి వాన్స్ పేరు గోదావరి జిల్లాల దాకా మారుమోగింది. రెండేళ్లు తిరగకముందే ఒకే పేరున్న నలుగురు స్త్రీలు వార్తల్లోకి వచ్చారు.

ఇలాంటప్పుడు ‘ఆ పేరులోనే ఏదో బలం ఉంది’ అనడం మనకు అలవాటు. నామఫలం, నామబలం అనే మాటలు మన సంభాషణలో ఎప్పటి నుంచో ఉన్నవే. వాటిని కొట్టిపారేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు, బలపరచడమూ కాదు. ప్రశ్న ఇంతకంటే చిన్నది: చరిత్రలో పేరు నిలిచిన కొందరు స్త్రీలకు ఒకే పేరు ఉంటే, ఆ పేరు ఆధారంగా మనం ఏం చెప్పవచ్చు, ఏం చెప్పకూడదు? ఈ పరిశీలనకు భిలాయిని మొదటి మజిలీగా తీసుకోవడానికి కారణం ఉంది. అక్కడ ఒకే కళలో, ఒకే ప్రాంతంలో, పన్నెండేళ్ల తేడాతో పుట్టిన ఇద్దరు స్త్రీల పేర్లను పక్కపక్కన పెట్టి చూసే వీలుంది.

భిలాయిలో ఉష

భిలాయి మొదట దుర్గ్ పక్కన ఉన్న ఒక పల్లె. ఉక్కు కర్మాగారం నిర్మాణానికి 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో భారత ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఏడాదికి పది లక్షల టన్నుల ఉక్కు తీయాలన్నది తొలి లక్ష్యం. కర్మాగారంతోపాటు సెక్టార్ల వారీగా టౌన్‌షిప్ లేచింది. ఆంధ్ర, ఒడిశా, బెంగాల్, బిహార్, కేరళ, పంజాబ్‌ల నుంచి మనుషులు వచ్చి చేరారు. మనవాళ్లు కట్టుకున్న బాలాజీ గుడి సెక్టార్ 5లో ఉంది. ఇలా బయటి నుంచి వచ్చిన జనానికీ, చుట్టుపక్కల పల్లెల్లోని ఛత్తీస్‌గఢీ జనానికీ మధ్య భిలాయి ఒక కూడలి అయింది.

ఉషా బార్లే 1968 మే 2న భిలాయిలో పుట్టారు. అప్పటికి మొదటి ఫర్నేసు వెలిగి తొమ్మిదేళ్లు. చిన్నతనంలోనే గురు మెహత్తర్ దాస్ బఘేల్ దగ్గర పండవానీ నేర్చుకోవడం మొదలుపెట్టారు. తర్వాత ప్రముఖ పండవానీ గాయని తీజన్ బాయి దగ్గర మెళకువలు పట్టుకున్నారు. మహాభారత కథలతో ఆగకుండా, సత్నామీ సమాజం కొలిచే గురు ఘాసీదాస్ జీవితాన్ని కూడా పండవానీ బాణీలో పాడి పేరు తెచ్చుకున్నారు. 2023లో ఛత్తీస్‌గఢ్ నుంచి పద్మశ్రీ వచ్చిన ముగ్గురిలో ఆమె ఒకరు. మిగతా ఇద్దరు నాచా కళాకారుడు డోమార్ సింగ్ కువర్, కొయ్యచెక్కడం కళాకారుడు అజయ్ కుమార్ మండావీ.

పండవానీ అంటే పాండవుల కథ పాడే కళ. మన బుర్రకథ చూసినవారికి దాని తీరు పట్టుబడడం కష్టం కాదు. ప్రధాన గాయకులు తంబూరా పట్టుకుని కథ నడుపుతారు. అవసరమైనప్పుడు అదే తంబూరా భీముడి గద అవుతుంది, అర్జునుడి విల్లు అవుతుంది. పక్కనుండే ‘రాగీ’ మన వంతపాటగాడిలా ఊ కొడుతూ, ప్రశ్నలు వేస్తూ కథను ముందుకు తోస్తాడు. హార్మోనియం, తబలా, మంజీరాలు తోడుంటాయి. ఇందులో రెండు పద్ధతులున్నాయి. కూర్చుని, గ్రంథాన్ని అంటిపెట్టుకుని పాడేది వేదమతి. నిలబడి, నటిస్తూ, కథను అప్పటికప్పుడు పెంచుకుంటూ పాడేది కాపాలిక. ఝాడూరామ్ దేవాంగన్, పూనారామ్ నిషాద్ వేదమతి పద్ధతిలో పెద్దలు. తీజన్ బాయికి ముందు ఆడవాళ్లు పాడితే కూర్చునే పాడాలన్నది ఆనవాయితీ.

తీజన్ నుంచి ఉష దాకా

తీజన్ బాయి భిలాయికి దగ్గర్లోని గనియారీ గ్రామంలో, పార్ధీ తెగలో పుట్టారు. తాత పాడగా విన్న కథలను పట్టుకుని, పదమూడేళ్ల వయసులో మొదటి ప్రదర్శన ఇచ్చారు. ఆడపిల్ల నిలబడి కాపాలిక పద్ధతిలో పాడడం కులపెద్దలకు నచ్చలేదు, వెలివేశారు. నాటక దర్శకుడు హబీబ్ తన్వీర్ ఆమెను గుర్తించాక దేశమంతా విన్నది. భిలాయి ఉక్కు కర్మాగారంలో ఆమె ఉద్యోగం చేశారు. 2003లో పద్మభూషణ్, 2018లో జపాన్‌ వారి ఫుకుఓకా బహుమతి, 2019లో పద్మవిభూషణ్ అందుకున్నారు.

ఇక పేర్ల సంగతి. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో పుట్టిన రోజును బట్టి, పండుగను బట్టి పేరు పెట్టడం పాత ఆచారం. ఇత్వారీ, సోమారూ, మంగ్లూ, బుధారూ, సుక్వారా, సనిచరీ అన్నవి వారాల పేర్ల నుంచి వచ్చినవే. శుక్రవారం పుట్టిన పిల్లకు లక్ష్మి పేరు కలిపే తెలుగు ఇళ్లకు ఇది కొత్తగా అనిపించదు. తీజన్ అనే పేరులో వినిపించేది తీజ్ పండుగ. ఛత్తీస్‌గఢ్‌లో ‘తీజా’ భాద్రపద శుద్ధ తదియ నాడు వస్తుంది. పెళ్లయిన ఆడపిల్లలు ఆ పండుగకు పుట్టింటికి వస్తారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. తీజన్ బాయి జీవిత పరిచయాల్లో ఎక్కువగా కనిపించే పుట్టిన తేదీ 1956 ఏప్రిల్ 24. ఏప్రిల్ చైత్ర వైశాఖాల కాలం, భాద్రపదం కాదు. అంటే పేరు ఒక రుతువును చూపిస్తోంది, కాగితం మరో రుతువును చూపిస్తోంది. దీన్ని మూడు రకాలుగా వివరించవచ్చు. కాగితం మీది తేదీ ఉద్యోగం కోసమో మరో అవసరానికో సుమారుగా రాయించింది కావచ్చు. ఆ కాలపు పల్లె కుటుంబాల్లో అది సాధారణమే. లేదా పండుగతో సంబంధం లేకుండా, అప్పటికే వాడుకలో ఉన్న పేరుగానే తీజన్ అని పెట్టి ఉండవచ్చు. లేదా వేరే తదియను తలుచుకుని పెట్టి ఉండవచ్చు. పేరు ఒక్కటే సాక్ష్యంగా ఈ మూడింట్లో ఒకదాన్ని ఎంచుకోలేం. పేరును బట్టి పుట్టిన రోజు తేల్చడం ఎంత తొందరపాటో, తేదీని బట్టి పేరు వెనుక కథ అబద్ధమనడం కూడా అంతే తొందరపాటు.

ఉష అనేది ఈ కోవకు చెందిన పేరు కాదు. అది ఏ వారానికీ, ఏ పండుగకూ, ఏ ఊరికీ కట్టుబడని సంస్కృత నామం. దేశంలో ఏ మూల ఇంట్లోనైనా ఇమిడిపోతుంది. పన్నెండేళ్లలో తీజన్ నుంచి ఉష దాకా వచ్చామంటే, ఉక్కు నగరం వచ్చి పల్లె పేర్లను మార్చేసిందని రాయాలనిపిస్తుంది. బడి రిజిస్టరు, కర్మాగారం హాజరు పట్టీ, హిందీ సినిమా, పక్క క్వార్టర్‌లోని బెంగాలీ, మలయాళీ కుటుంబాలు, ఆఖరికి ఇంటింటికీ చేరిన ఉషా కుట్టుమిషన్ కూడా కారణాల జాబితాలో చేరతాయి. అవన్నీ జరగగలిగినవే. కానీ ఇద్దరి పేర్లు ఒక ధోరణికి రుజువు కావు. పైగా ఆ ఇద్దరి సమాజాలు వేరు, కుటుంబ పరిస్థితులు వేరు. ఈ ఊహను నిలబెట్టాలంటే 1950 నుంచి 1980 దాకా దుర్గ్ ప్రాంతపు బడి రిజిస్టర్లలో ఆడపిల్లల పేర్లను ఏడాది వారీగా లెక్కించి, టౌన్‌షిప్ బడులనూ పల్లె బడులనూ విడివిడిగా పోల్చాలి. అప్పుడే పేర్ల మార్పు నగరంతో వచ్చిందా, దేశమంతా వీచిన గాలితో వచ్చిందా అన్నది తేలుతుంది.

పేరు ఎక్కడి నుంచి వచ్చింది

ఈ పేరుకు రెండు పాత మూలాలున్నాయి. ఒకటి రుగ్వేదంలోని ఉషస్సు. ఆ దేవతను స్తుతించే సూక్తాలు ఇరవై దాకా ఉన్నాయి. రెండోది పురాణాల్లోని ఉష. బాణాసురుడి కూతురు ఉష కలలో అనిరుద్ధుణ్ణి చూసి ప్రేమిస్తుంది, చెలికత్తె చిత్రరేఖ బొమ్మలు గీసి అతడెవరో పోల్చుకునేలా చేస్తుంది. తెలుగువారికి ఈ కథ పోతన భాగవతం దశమ స్కంధం ద్వారా దగ్గరైంది. కూచిపూడి భాగవతుల యక్షగానాల్లో ఉషాపరిణయం ఒకటి. 1961లో అదే పేరుతో తెలుగు సినిమా కూడా వచ్చింది. ఈ కథ తమ ఊళ్లోనే జరిగిందని అస్సాంలోని తేజ్‌పూర్ వారూ, ఉత్తరాఖండ్‌లోని ఊఖీమఠ్ వారూ చెప్పుకుంటారు. పురాణ కథకు ఎన్ని ఊళ్లైనా ఉండవచ్చు. అవి ఆ కథకున్న ఆదరణకు సాక్ష్యాలు, చరిత్రకు కాదు.

కూతురికి ఉష అని పేరు పెట్టిన తల్లిదండ్రుల మనసులో ఉన్నది వేదమా, భాగవతమా, సినిమానా, పక్కింటి పిల్లా అన్నది వాళ్లు చెబితే తప్ప తెలియదు. ఈ రెండు మూలాలూ పేరు వయసును చెబుతాయి. పెట్టినవాళ్ల ఉద్దేశాన్ని చెప్పవు.

పేరు ఒకటి, దారులు వేరు

పేరున్న ఉషలను దాదాపు పుట్టిన క్రమంలో చూద్దాం. ఉషా మెహతా 1920లో సూరత్ దగ్గర సరస్ గ్రామంలో పుట్టారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమం మొదలై నాయకులంతా జైళ్లలోకి వెళ్లాక, బొంబాయిలో కొందరు యువకులతో కలిసి రహస్యంగా కాంగ్రెస్ రేడియో నడిపారు. ఆగస్టు 27న మొదటి ప్రసారం వెలువడింది. పోలీసులకు చిక్కకుండా చోటు మారుస్తూ నవంబరు 12న అరెస్టయ్యేదాకా నడిపారు. నాలుగేళ్ల జైలుశిక్ష పడింది, 1946లో విడుదలయ్యారు. తర్వాత బొంబాయిలో రాజనీతిశాస్త్రం బోధించారు. 1998లో పద్మవిభూషణ్ వచ్చింది, 2000లో కన్నుమూశారు.

ఉషా ప్రియంవద 1930లో కాన్పూర్‌లో పుట్టిన హిందీ నవలాకారిణి. ఉద్యోగం చేసి ఇంటిని పోషించే ఒంటరి స్త్రీ చుట్టూ అల్లిన ‘పచ్‌పన్ ఖంభే లాల్ దీవారేఁ’ ఆమెకు పేరు తెచ్చింది. ఉషా ఖన్నా 1959లో ‘దిల్ దేకే దేఖో’తో హిందీ సినిమా సంగీత దర్శకురాలయ్యారు. ఆడవాళ్లు దాదాపు కనిపించని వృత్తిలో దశాబ్దాలు నిలిచారు. ఉషా ఉతుప్ 1947లో ముంబయిలో తమిళ కుటుంబంలో పుట్టారు. పట్టుచీర, పెద్ద బొట్టుతో నైట్‌క్లబ్బుల్లో పాశ్చాత్య గీతాలు పాడి, ఆ చోటికి తగిన వేషం ఏమిటన్న అంచనానే మార్చేశారు. ఉషా గంగూలీ కోల్‌కతాలో 1976లో రంగకర్మీ బృందాన్ని పెట్టి, బెంగాలీ నగరంలో హిందీ నాటకానికి ప్రేక్షకులను సంపాదించారు.

పి.టి. ఉష 1964లో కేరళలోని కోజికోడ్ జిల్లాలో పుట్టారు. 1984 లాస్ ఏంజలిస్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌ను 55.42 సెకన్లలో ముగించారు. కాంస్యం గెలిచిన రుమేనియా అమ్మాయి సమయం 55.41. సెకనులో నూరో వంతు తేడాతో పతకం పోయింది. మరుసటి ఏడాది జకార్తా ఆసియా అథ్లెటిక్స్ పోటీల్లో ఐదు బంగారు పతకాలు, ఒక కాంస్యం తెచ్చారు.

తెలుగువారిలో విశాఖపట్నం బాక్సర్ నాగిశెట్టి ఉషకు 2020లో ధ్యాన్‌చంద్ అవార్డు వచ్చింది. ఉషా చిలుకూరి వాన్స్ 1986లో కాలిఫోర్నియాలో తెలుగు దంపతులకు పుట్టారు. యేల్‌లో, కేంబ్రిడ్జ్‌లో చదివి న్యాయవాది అయ్యారు. అమెరికా సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ దగ్గర క్లర్కుగా పనిచేశారు. 2025 జనవరి 20 నుంచి ఆమె ఆ దేశపు సెకండ్ లేడీ. ఆ స్థానంలోకి వచ్చిన తొలి భారత సంతతి స్త్రీ ఆమే.

ఈ జాబితాను ఎలా చదవాలన్నదే అసలు పరీక్ష. ఉషా బార్లేకు పి.టి. ఉష పేరు చూసి పేరు పెట్టారా? కాదని ఖాయంగా చెప్పవచ్చు. 1968లో పి.టి. ఉష వయసు నాలుగేళ్లు. 1986 జనవరిలో పుట్టిన ఉషా చిలుకూరి సంగతి? జకార్తా పతకాలకు అది కొద్ది నెలల తర్వాతి కాలం కాబట్టి తేదీలు అడ్డురావు. అడ్డురాకపోవడం వేరు, రుజువు కావడం వేరు. తల్లిదండ్రుల మాట లేకుండా ఆ సంబంధం రాస్తే అది కథ అవుతుంది. తేదీలు కొన్ని ఊహలను చంపగలవు, దేనికీ ప్రాణం పోయలేవు.

ఇంకో జాగ్రత్త కూడా కావాలి. పై జాబితాలో ఉన్నవాళ్లంతా అవార్డుల పట్టికలోకో, పత్రికల్లోకో, పుస్తకాల్లోకో ఎక్కినవాళ్లు. ఎక్కనివాళ్లు లక్షల్లో ఉంటారు. పేరు మోసిన ఉషలను మాత్రమే లెక్కపెట్టి ఆ పేరుకు బలముందనడం, లాటరీ తగిలినవాళ్లను మాత్రమే పలకరించి లాటరీ అందరికీ తగులుతుందనడం వంటిది. పురస్కారాల పట్టికకు కూడా దాని పక్షపాతాలున్నాయి. తీజన్ బాయికి ముందు పండవానీ పాడిన ఆడవాళ్లు ఢిల్లీ పట్టికల్లో కనిపించకపోతే, వాళ్లు లేరని కాదు, చూసే కళ్లు అటు తిరగలేదని అర్థం చేసుకోవాలి.

ఇంటిపేరు మారినా

ఇంతవరకూ పేరు ఏం చెప్పలేదో చూశాం. అది చెప్పేది ఒకటుంది. ఈ స్త్రీల జీవితాలను కాగితాల్లో వెతికినప్పుడు, చివరిదాకా తెగకుండా చేతికి దొరికే దారం సొంత పేరే. ఉషా ఉతుప్ మొదటి రికార్డులు ఉషా అయ్యర్ పేరుతో ఉన్నాయి. చిలుకూరి ఉష వాన్స్ అయ్యారు. పి.టి. ఉష పుట్టింటి తరవాడు పేరును పొడి అక్షరాలుగా మోస్తూనే పెళ్లి తర్వాతా అలాగే నిలిచారు. ఉషా మెహతా పెళ్లి చేసుకోలేదు, ఆమె పేరు మారే అవసరమే రాలేదు. ఉత్తరాది ఊళ్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఇంటిపేరు పొడి అక్షరంగా కుదించుకుపోయి, తండ్రి పేరు చివరి ‘రావు’ కూతురికి ఇంటిపేరుగా మారడం మనకు తెలిసిందే. అక్కడా పిల్ల సొంత పేరే మిగులుతుంది. మగవాళ్ల చరిత్రను ఇంటిపేరు పట్టుకుని వెతకవచ్చు. ఆడవాళ్ల చరిత్రను అలా వెతికితే పెళ్లి దగ్గర దారి తప్పుతాం.

అయితే ఈ నియమానికీ మినహాయింపు ఉంది, అది బలమైనది. మాజీ రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ భార్య ఉషా నారాయణన్ బర్మాలో పుట్టారు. పుట్టినప్పటి పేరు మా టింట్ టింట్. 1951లో ఢిల్లీలో నారాయణన్‌తో పెళ్లి జరిగింది. అప్పటికి ఆయన విదేశాంగ శాఖ అధికారి, ఆమె విదేశీయురాలు. అందుకే ఆ పెళ్లికి నెహ్రూ ప్రత్యేక అనుమతి కావలసివచ్చింది. పెళ్లితో ఆమె ఉష అయ్యారు. 1997 నుంచి 2002 దాకా రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది ఆ ఉషే. రచయిత తెయిన్ పె మ్యింట్ బర్మీ కథలను ఆమె అనువదించారు. ఆమె జీవితంలో సొంత పేరు కూడా దారంగా నిలవలేదు. ఆ కొత్త పేరు ఆమె వేదం చదివారనీ చెప్పదు, బర్మాను మరిచారనీ చెప్పదు. ఆ అనువాదాలు ఉన్నాయి కాబట్టి మరవలేదని మనకు తెలుస్తోంది. అది తెలిపింది పుస్తకం.

పేరు స్త్రీదే అయినంత మాత్రాన మనిషి స్త్రీ అని కూడా చెప్పలేం. విజయవాడ ఆకాశవాణి ద్వారా ఇంటింటికీ రామాయణ భారతాలు వినిపించిన ‘ఉషశ్రీ’ పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు. కలం పేరు ఎరగని సూచీకర్త ఆయన్ను రచయిత్రుల పట్టికలో చేర్చేయగలడు. భిలాయిలోనే మరో ఉదాహరణ ఉంది. అక్కడి పండవానీ గాయని రీతూ వర్మ పేరే, 2016లో ‘పెళ్ళిచూపులు’లో నటించిన హైదరాబాద్ నటి పేరు కూడా. ఇక్కడ ఇంటిపేరు సైతం ఒకటే. ఇద్దరినీ విడదీసేది ఊరు, వృత్తి, పుట్టిన ఏడు మాత్రమే.

తేలినదేమిటి

పై ఆధారాలు నిలబెట్టగలిగే మాటలు మూడు. మొదటిది, ఉష అనే పేరు వీళ్ల ప్రతిభకు కారణమని చూపే సాక్ష్యం ఏదీ లేదు. జైలు, పరుగుబాట, రంగస్థలం, న్యాయస్థానం, తంబూరా దేనికవే వేరు. రెండోది, పేరు దాన్ని మోసినవాళ్ల గురించి కన్నా పెట్టినవాళ్ల గురించీ, పెట్టిన కాలం గురించీ ఎక్కువ చెప్పగలదు. కానీ అందుకు ఇద్దరు ముగ్గురు ప్రముఖులు చాలరు, వేల పేర్ల లెక్క కావాలి. మూడోది, ఇంటిపేర్లు మారే సమాజంలో స్త్రీల చరిత్ర రాసేవారికి సొంత పేరు మొదటి ఆధారం. చివరి ఆధారం మాత్రం కాదు.

ఉషా బార్లే విషయంలో పేరు కన్నా గట్టి ఆధారం మరొకటి ఉంది. అది గురుపరంపర. మెహత్తర్ దాస్ బఘేల్, ఆ తర్వాత తీజన్ బాయి. ఆమె గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో, ఘాసీదాస్ కథ ఆ బాణీలోకి ఎలా చేరిందో ఈ వరుస చెబుతుంది. ఆమెకు చరిత్రలో చుట్టరికం కలిపితే సాటి ఉషలతో కాదు, తీజన్‌తో కలపాలి.

దీని నుంచి ఆచరణకు పనికొచ్చే సూచన ఒకటుంది. తెలుగులో స్త్రీల జీవిత చరిత్ర కోశాలు తయారుచేసేవారు ప్రతి పేరు కిందా పుట్టింటి ఇంటిపేరు, అత్తింటి ఇంటిపేరు, మార్చుకున్న పేరు ఉంటే అది, ఊరు, పుట్టిన ఏడు, గురువు లేదా పని నేర్చిన చోటు తప్పనిసరిగా రాయాలి. తేదీ సుమారుదైతే సుమారు అని రాయాలి. పేరు వెనుక కథ ఉంటే అది చెప్పినవారెవరో రాయాలి. భిలాయి, జంషెడ్‌పూర్, రూర్కెలా లాంటి ఉక్కు నగరాల్లో యాభై అరవై ఏళ్లుగా ఉంటున్న తెలుగు కుటుంబాల పేర్లను కూడా ఇదే పద్ధతిలో సేకరించవచ్చు. పేరు పెట్టిన తరంలో మిగిలినవారిని ఇప్పుడే అడగాలి. ఎందుకు పెట్టారన్న ప్రశ్నకు జవాబు రిజిస్టర్లలో దొరకదు.